ఎడమ చెవి కోత

ఆ పొద్దున ఆకాశంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. మబ్బు లేదు, రంగు లేదు. ఏళ్ల తరబడి ఉతికిన పంచెలా వెలిసిపోయి, అంచుల్లో దుమ్ము పట్టి ఉంది. తెల్లవారిందో లేదో కోళ్లకు కూడా అనుమానంగా ఉన్న వేళ. ఇంత ఖాయంగా ఎలా చెబుతున్నానంటే ఆ ఆకాశం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తరువాత వేలమంది చూసి మురిసిపోయిన నారింజ రంగు ఆకాశం నాది కాదు.

నేను ఒక మెమరీ కార్డును. తపాలా బిళ్ళంత ఉంటాను. ఒళ్ళు నలుపు. నా కుడి పై మూలను పుట్టినప్పుడే కోసేశారు. అందానికి కాదు. ఎవడైనా తిరగేసి దూర్చబోతే కెమెరాలోకి దిగకుండా ఉండటానికి. ఆ కోత ఉన్నంతకాలం నాకు ఎడమ ఎడమే, కుడి కుడే. మనుషులకు ఇలాంటి ఏర్పాటు ఏదీ చేసినట్టు కనబడదు.

నాకు కన్ను లేదు. కెమెరా చూసింది నాలో పడుతుంది. పడింది పడినట్టే ఉంటుంది. మిగతాది అప్పుడో తరువాతో విన్నదే. మాట్లాడటం నా పని కాదు. ఇప్పుడు నోరు విప్పానంటే నా మీద ఒక అబద్ధం పడింది కాబట్టి. కార్డు పాడైపోయింది అన్నారు. నేను పాడవలేదు.

పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో, చల్లటి గదిలో, ముసుగులు కట్టుకున్నవాళ్ల మధ్య, నాలాంటివాళ్లు వేలల్లో తయారయ్యారు. ఓడలో వచ్చాను. హైదరాబాదు కోఠీలో ఒక కొట్టు గోడకు వేలాడాను. అక్కడినుంచి నన్ను కొనుక్కుపోయినవాడు ప్రణీత్. కంప్యూటర్ ఉద్యోగి. శని, ఆదివారాల్లో ఫోటోలు తీసేవాడు, మిగతా అయిదు రోజులు వాటిని పోటీలకు పంపేవాడు.

ప్రణీత్ దగ్గర నేను నేర్చుకున్నదల్లా చంద్రుడి గురించే. ఒక పున్నమికి వాడు అపార్ట్‌మెంటు డాబా మీద నిలబడి చంద్రుణ్ణి తీశాడు. బాగానే వచ్చాడు. ఆ తరువాత ఆ చంద్రుడికి తీరిక లేకుండా పోయింది. ఒకసారి కోటబురుజు మీద ఉదయించాడు. ఒకసారి చెరువుగట్టు మీద. ఒకసారి నాటు వేస్తున్న ఆడవాళ్ల వెనక, మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలో. ఇంకోసారి రొట్టెలు చేసుకుంటున్న ముసలామె భుజం మీద. అన్నిచోట్లా అదే మచ్చ, అదే వంపు. ప్రతి పోటీ నిబంధనల్లోనూ మొదటి పేజీలోనే ఉంటుంది: ఫోటోలో లేనిది కలపరాదు, ఉన్నది తీయరాదు. ప్రణీత్ దాన్ని చదివి తల ఊపి, చంద్రుణ్ణి కొంచెం పెద్దది చేసేవాడు.

ఎవరైనా పట్టుకున్నారా అంటే లేదు. పట్టుకోవలసినవాళ్లు ‘అద్భుతమైన క్షణం’ అని రాశారు. కొన్ని పోటీల్లో ఓట్లు కూడా ఉంటాయి. ఫోటో ఎలా ఉందన్నది కాదు లెక్క, ఎంతమంది లింకు నొక్కి గుండె గుర్తు పెట్టారన్నది. ప్రణీత్ తన ఆఫీసులో అందరికీ, పెళ్లిచూపుల్లో తనను కాదన్న అమ్మాయికి కూడా లింకు పంపాడు. ఆ అమ్మాయి నొక్కిందట. మనుషుల మొహమాటం మీద నడిచే పోటీలివి.

రెండేళ్లకు కొత్త కెమెరా మోజు పుట్టి పాతదాన్ని అమ్మేశాడు. నన్ను తుడిచేశాననుకుని నాతో సహా. వాడు తుడిచింది పేర్ల పట్టీనే. చంద్రుడు నా అడుగున అలాగే ఉన్నాడు, ఒక్కడే.

కొన్నది నరహరి. మండలకేంద్రంలో బస్టాండు ఎదురుగా ఆయన స్టూడియో. యాభై దాటాడు. ముప్పయ్యేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాడు. పెళ్లికూతుళ్లను రెండు చాయలు తెల్లగా చేసి కన్నతల్లి కూడా ఒక క్షణం ఆగి చూసేలా అప్పజెప్పేవాడు. దాన్ని ఆయన అబద్ధం అనుకోడు, మర్యాద అనుకుంటాడు. ఇప్పుడు పెళ్లికి వచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఫోను ఉంది. స్టూడియోకు మిగిలింది పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు. ఆధార్ వాళ్లు అవి కూడా తామే తీసుకోవడం మొదలుపెట్టాక ఆయనకు బస్టాండు చూస్తూ కూర్చోవడమే పని అయింది. అట్లా కూర్చుని ఆయన ఒకటి తేల్చుకున్నాడు. ఒక పెద్ద పోటీలో పేరు రావాలి. షట్టరు దించేలోపు ఈ ఊరికి నరహరి ఎవడో తెలియాలి.

దానికోసమే మాఘమాసంలో ఒక తెల్లవారుజామున స్కూటరు వేసుకుని కంచనకుంటకు వచ్చాడు. వెలిసిపోయిన పంచెలాంటి ఆకాశం ఉన్న పొద్దు అదే.

కంచనకుంట గొర్రెలు కాచే కురుమల ఊరు. ఆ రోజు ఆగయ్య అనే కాపరి మంద ఒక రైతు చేలో ఉంది. గొర్రెల్ని రాత్రి చేలో పడుకోబెడితే ఎరువు పడుతుందని రైతులు పిలుస్తారు. పొద్దున్నే మంద లేచి బాటెక్కింది. ముందు ఆగయ్య. ఎడమ భుజాన గొంగడి, కుడిచేతిలో కర్ర. పక్కన నల్లమెడ పొట్టేలు తల ఎత్తుకుని, ఊరు తనదే అన్నట్టు నడుస్తోంది. వెనక మిగతావన్నీ తలలు దించుకుని దుమ్ములో.

“సారూ, ఎదురు రాకు. బెదురుతయ్” అన్నాడు ఆగయ్య. “పక్కకెల్లి తీసుకో.”

నరహరి పక్కకు జరిగాడు. మంద కుడినుంచి ఎడమకు సాగుతోంది. పొట్టేలు ఎడమ చెవి వెలుగుకు అడ్డం వచ్చింది. ఆ చెవి అంచున బొటనవేలి గోరంత కోత. ఆ కోతలోంచి వెలుతురు దూరి ఇవతలకు వచ్చింది. సరిగ్గా అప్పుడే నొక్కాడు. నాలో పడింది. మంచి ఫోటో. ఆ మాట నేను ఊరికే అనను.

“ఆ చెవికేమైంది?” అని అడిగాడు నరహరి, కెమెరా తెర చూసుకుంటూనే.

“కోత సారు. గుర్తు. మా ఇంటోళ్లది ఎడమ చెవి. పెంటయ్య బావోళ్లది కుడి చెవి. తాతలనాటి సంది గంతే. పిల్ల పుట్టిన వారానికి కోస్తం. ఎక్కడ కలిసినా ఎవలదెవలదో తెలుస్తది.”

“అచ్ఛా” అన్నాడు నరహరి.

ఆ ‘అచ్ఛా’ను నేను మరచిపోలేదు. వినకుండా అనే మాట అది. మనుషులు రోజుకు వందసార్లు అంటారు.

పోటీ నిబంధనలు పదకొండు పేజీలు. ఇంగ్లిషులో. నరహరి రెండు పేజీలు చదివాడు. కలపకూడదు, తీయకూడదు, అంచులు కత్తిరించుకోవచ్చు, వెలుగూ రంగూ కొంత సవరించుకోవచ్చు. ఆయనకు అది నచ్చింది. లేనివి అతికించేవాళ్లంటే ఆయనకు పడదు. కంప్యూటర్ ముందు కూర్చుని అంచు కత్తిరించాడు. అంచున ఊరి బోరు గది ఉండేది, గోడ మీద అక్షరాలతో. అది పోయింది. ఆకాశానికి కొంచెం రంగు పట్టించాడు. కొంచెం అనుకుంటూనే ఇంకొంచెం. ఆ తరువాత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

ఇంటర్నెట్టులో పాఠాలు చెప్పే మహానుభావుడొకడు అన్నాడట: చూసేవాడి కన్ను చదివినట్టే ఎడమనుంచి కుడికి పోతుంది. మనిషి ఎడమనుంచి కుడికి నడిస్తే ముందుకు పోతున్నట్టు ఉంటుంది, కుడినుంచి ఎడమకు నడిస్తే వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. ఆగయ్య వెనక్కి పోతున్నాడు. నరహరి ఒక్క మీట నొక్కాడు. ఆగయ్య ముందుకు పోవడం మొదలుపెట్టాడు. గొంగడి కుడి భుజం మీదికి మారింది. కర్ర ఎడమచేతిలోకి వచ్చింది. పొట్టేలు చెవి కోత అటునుంచి ఇటు వచ్చింది.

“ఏం కలపలేదు, ఏం తీయలేదు” అన్నాడు నరహరి తనలో తాను. నిజమే. అంత అమాయకంగా చేసిన పాపం నేను మరొకటి చూడలేదు.

ఆయన పంపిన జీవనచిత్రాల విభాగంలో బొమ్మను ఎడమ కుడిగా తిప్పరాదని తొమ్మిదో పేజీలో ఉంది. తొమ్మిదో పేజీ దాకా వెళ్లినవాడు పోటీకి పంపినవాళ్లలో ఒక్కడైనా ఉంటే నా రెండో మూల కూడా కోయించుకుంటాను.

మొదటి బహుమతి వచ్చింది. రెండోది ప్రణీత్‌కు. అందులో చంద్రుడు ఉన్నాడు, చెప్పనవసరం లేదు. న్యాయనిర్ణేతలు ముగ్గురు. ఆగయ్య నడకలో ‘ఆదిమ లయ’ ఉందని ఒకాయన రాశాడు. ఇంకొకాయన చెవిలోంచి వచ్చిన వెలుతురును పొగిడాడు. ఆ చెవి ఎందుకు తెగి ఉందో ఒక్కరూ అడగలేదు.

బహుమతి చేతికివ్వాలంటే పదిరోజుల్లో కెమెరాలోని అసలు ఫైలు పంపాలని ఉత్తరం వచ్చింది. అప్పుడు తీశాడు నరహరి తొమ్మిదో పేజీ. చదివి, కాసేపు ఫ్యాను కేసి చూసి, నన్ను కెమెరాలోంచి పీకి చేతిలో తిప్పాడు.

“కార్డు పాడైందని చెబితే సరి” అన్నాడు గోడతో.

ఈలోగా కంచనకుంట సర్పంచికి వార్త తెలిసింది. సర్పంచులకు గాలిలోంచి తెలుస్తాయి ఇలాంటివి. బడి ముందర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. నడుమ ఫోటో, పైన తన బొమ్మ, ఫోటో తీసినవాడి పేరు అడుగున చీమ తలంత. ఫోటోలో ఉన్నవాడి పేరు అసలు లేదు. నరహరికి శాలువా కప్పుతామని కబురు పెట్టారు. ఆయన నన్ను మళ్లీ కెమెరాలో పెట్టి, దాన్ని మెడలో వేసుకుని వెళ్లాడు. నేను కెమెరాలో ఉన్నాను.

శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. ఆగయ్యను ముందుకు తోశారు. అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కర్రకోసం వెతుక్కున్నాడు. అప్పుడు జనంలోంచి పెంటయ్య వచ్చాడు. ఫ్లెక్సీకి మూరెడు దూరంలో నిలబడి మెడ చాచి చూశాడు.

“ఏం బావా” అన్నాడు వెనక్కి తిరగకుండానే. “నా పొట్టేలు నీ పక్కన మంచిగ నడుస్తున్నదే!”

కొందరు నవ్వారు. బావమరుదుల పరాచికం అనుకున్నారు.

“నవ్వుతరేందివయా? జూడుర్రి. నల్లమెడ. కుడి చెవి కోత. పోయిన వానల్ల మాయమైంది నాది. మూడు ఊర్లు దేవులాడిన. కుక్కలు తిన్నయన్నరు. ఇగో, గిక్కడున్నది, బావ పక్కన, పెండ్లికొడుకు లెక్క.”

నవ్వు ఆగిపోయింది. అందరూ ఫ్లెక్సీ మీదికి వంగారు. నిలువెత్తు బొమ్మ కదా, చెవి అరచెయ్యంత ఉంది. కుడి చెవి. కోత అందులోనే.

ఆగయ్య కూడా చూశాడు. ఆ పొట్టేలును ఉగాదికి ముందే అంగట్లో అమ్మేశాడు. తీసుకొచ్చి చూపడానికి చెవి లేదు. ఉన్నది ఈ బొమ్మ ఒక్కటే.

“పొట్టేలు నాదే” అన్నాడు మెల్లగా. ఇంకోసారి చూశాడు. “కోత నాది గాదు.”

అబద్ధం చెప్పడం రానివాడు నిజం చెబితే ఇలాగే ఉంటుంది. ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టుకుని ఊరు తనకు కావలసింది చేసుకుంది.

కురుమల పెద్ద కొమురెల్లి అరుగు మీదినుంచి లేచాడు. ఎనభై ఏళ్లుంటాయి. ఆయన మాట్లాడితే ఎవరూ మాట్లాడరు. “ఉన్ని కత్తిరింపులైనయ్. వచ్చే ఐతారం కులం బంతి ఉన్నది. గప్పటిదాక తేల్చుకోవాలె. తేలకుంటే ఆగయ్య బంతిల కూసోడు.”

ఇది చదివే మీకు చిన్న శిక్షలా ఉంటుంది, ఒక పూట భోజనం పోతే ఏమని. ఏటా ఉన్ని కత్తిరించాక కులమంతా వరుసగా కూర్చుని తినే తిండి అది. ఆ వరుసలో చోటు లేనివాడి మందను ఎవరూ చేలోకి పిలవరు. అతని పిల్లను అడగరు, అతని పిల్లవాడికి ఇవ్వరు. అడవిలో అతని గొర్రె తప్పిపోతే తోలుకొచ్చి ఇవ్వరు. కాపరికి దొంగ అన్న పేరు పడితే ఇక మిగిలేది చేతిలో కర్ర మాత్రమే.

అప్పుడు సాయవ్వ వచ్చింది. ఆగయ్య భార్య. అంతసేపూ ఆడవాళ్ల వెనక నిలబడింది. వచ్చి ఫ్లెక్సీ ముందు ఆగింది. మగవాళ్లందరూ పొట్టేలునే చూస్తున్నారు. ఆమె చెవివైపు చూడనే లేదు. మొగుణ్ణి చూసింది.

“పెంటన్నా” అంది. “గది నీ పొట్టేలైతే, గీయన నా మొగడు గాదు.”

“ఏం మాటనే అది?”

“తుమ్మ చెట్టు మీదికెల్లి పడి మా ఆయన కుడి భుజం విరిగి ఆరేండ్లాయె. దాని మీద తువ్వాల వేసినా ఓర్వడు. నిన్న గూడ నేనే కాపడం పెట్టిన. గీయనేమో కుడి భుజం మీద గొంగడేసుకుని గుర్రం లెక్క నడుస్తున్నడు. ఎవలీన?”

ఆమె నరహరి వైపు తిరిగింది. “సారూ, నువ్వు తీసిందే గద? అసలుది సూపియ్యి.”

“కార్డు… కార్డు పాడైందమ్మా” అన్నాడు నరహరి.

నేను ఆయన రొమ్ము మీదే ఉన్నాను. కెమెరా లోపల. ఆయన గుండె కొట్టుకోవడం నాకు వినబడుతూనే ఉంది. పోటీవాళ్లకోసం వండి పెట్టుకున్న అబద్ధాన్ని ఈమెకు వడ్డించాడు. అదీ మనిషి పొదుపు.

మరునాడు పొద్దున స్టూడియో తెరిచేసరికి ఆలుమగలు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆగయ్య లోపలికి వచ్చి నిలబడ్డాడు, గొంగడితో సహా. సాయవ్వ బల్ల మీద కూర్చుంది. నేను సొరుగులో ఉన్నాను. సొరుగు కొంచెం తెరిచే ఉంది.

“పాడైంది ఏదీ, ఇయ్యి. జూస్త” అంది ఆమె.

“అది చూస్తే తెలిసేది కాదమ్మా.”

“పాడైన గొర్రెనైనా పారేసే ముందు సూపిస్తం గద సారు.”

ఆమె లేవలేదు. బస్సులు వచ్చాయి, పోయాయి. ఆగయ్య ఏం చేయాలో తెలియక, ఫోటోకు ముందు జుట్టు దువ్వుకోవడానికి పెట్టిన నిలువుటద్దం ముందు నిలబడి తనను తాను చూసుకుంటున్నాడు. ఉన్నట్టుండి సాయవ్వ లేచిన చప్పుడైంది.

“ఓ… జర ఆగు. కదలకు.”

అద్దం దగ్గరకు వెళ్లింది. మొగుణ్ణి చూసింది. అద్దంలో మొగుణ్ణి చూసింది. మళ్లీ మొగుణ్ణి.

“సారూ” అంది. “నువ్వు మా ఆయనను అద్దంల తీసినవా?”

నరహరి సొరుగును నెట్టి మూయబోయాడు.

“అద్దంల గొంగడి ఆ భుజం మీదికి పోయింది. కర్ర ఈ చేతికొచ్చింది. నీ బొమ్మల లెక్కనే. నువ్వు తిప్పినవ్.”

పదకొండు పేజీల నిబంధనలు రాసినవాళ్లు కొందరు, న్యాయనిర్ణేతలు ముగ్గురు, మెచ్చుకున్నవాళ్లు వేలు. పట్టుకున్నది చదువురాని ఈమె, జుట్టు దువ్వుకునే అద్దంలో.

“తిప్పిన” అన్నాడు నరహరి చివరికి. “తిప్పుడే అమ్మా, గంతే. దేవుడి సాక్షిగ ఏం కలపలే. ఏం తీయలే.”

“కలపకుంటనే దొంగను చేసినవ్ గద సారు.”

“ఇప్పుడు ఒప్పుకుంటే బహుమతి పోతది. ముప్పై ఏండ్ల సంది ఎదురుసూసిన. నన్ను జర అర్థం చేసుకోర్రి. పెంటయ్యతోని నేను మాట్లాడత. నచ్చజెప్త.”

ఆగయ్య అప్పుడు మాట్లాడాడు. ఆ పొద్దుటినుంచి మొదటిసారి. “చెవి సంగతి నీకు చెప్పిన సారు. ఆ దినమే చెప్పిన. నువ్వు అచ్ఛా అన్నవ్.”

సాయవ్వ బతిమాలలేదు. ఏడవలేదు. “ఐతారం పన్నెండు గొట్టంగ బంతి లేస్తది” అంది. “నువ్వొస్తె మా ఆయన కూసుంటడు. రాకుంటే మేం తలుపేసుకుంటం.” వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే పోటీవాళ్లు ఫోను చేశారు. గొంతు చాలా తియ్యగా ఉంది. నరహరి కార్డు పాడైందని చెప్పాడు. అవతలివాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అయ్యో, పరవాలేదు సార్. నేను ఎటువంటి మార్పులూ చేయలేదని ఒక పత్రం రాసి సంతకం పెట్టి పంపండి. సరిపోతుంది. మీ ఫోటోకు స్పందన చాలా బాగుంది సార్, దాన్ని పాడు చేసుకోవడం మాకూ ఇష్టం లేదు.”

పదకొండు పేజీల నిబంధనల విలువ ఒక సంతకం. గొర్రె చెవి మీద గోరంత కోతకు తాతలనాటినుంచి ఒక్క మినహాయింపు లేదు, దాన్ని ఎవరూ కాగితం మీద రాయనూ లేదు.

పత్రం రాశాడు నరహరి. కలం చప్పుడు విన్నాను. సంతకం కూడా అయిందనే అనుకున్నాను, ఎందుకంటే ఆయన మీద నాకు పెద్ద గౌరవం మిగల్లేదు. శనివారమంతా ఆ కాగితం బల్ల మీదే రెపరెపలాడింది.

ఆదివారం పొద్దున సొరుగు తెరుచుకుంది. నన్ను లాప్‌టాప్‌లో పెట్టబోయాడు. దిగలేదు. తిరగేసి పట్టుకున్నాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ తిరగేసే. నా కోసిన మూల అడ్డుపడింది. అప్పుడు నన్ను కళ్ల దగ్గరకు తెచ్చుకుని ఆ మూలను బొటనవేలితో తడిమాడు. ఎందుకు వెళ్లాలనుకున్నాడో నాకు తెలియదు. మంచితనం అని మీరు రాసుకోవచ్చు. నేను రాయను. ఆ అద్దం రోజూ ఆయన ఎదురుగానే ఉంటుంది కదా, అంతే అయ్యుండవచ్చు. మూడోసారి సరిగ్గా దిగాను. ఉన్నానో లేదో చూసుకుని, మళ్లీ తీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

కంచనకుంటలో పొయ్యిల మీద కూర ఉడుకుతోంది. కురుమలందరూ గుమిగూడారు. సాయవ్వా ఆగయ్యా దూరంగా తమ వాకిట్లో నిలబడ్డారట, పిలవకుండా రాకూడదు కాబట్టి. పిలిపించారు. నులక మంచం మీద లాప్‌టాప్ పెట్టి నరహరి నన్ను అందులో దించాడు. నాలోది తెర మీదికి వచ్చింది.

వెలిసిపోయిన పంచెలాంటి ఆకాశం. కుడినుంచి ఎడమకు మంద. ఎడమ భుజాన గొంగడి. కుడిచేతిలో కర్ర. ఎడమ చెవికి కోత.

“నేనే తిప్పిన” అన్నాడు నరహరి. “పోటీకోసం.”

కొమురెల్లి ఆగయ్యను పిలిచి తెర పక్కన నిలబెట్టాడు. చూశాడు. తల ఊపాడు. అంతలో పెంటయ్య లేచాడు.

“ఆగు పెద్దయ్యా. అప్పుడు తిప్పినోడు ఇప్పుడు తిప్పలేదని ఎట్ల నమ్ముడు? గా డబ్బాల ఏదన్న ఎటన్న తిప్పొచ్చునాయె. సారుకు అందరి ముందట శాలువాలు, సాటుకు సాయవ్వ బువ్వ.”

అన్యాయంగా అన్నా, అడగవలసిన మాటే అడిగాడు. ముగ్గురు న్యాయనిర్ణేతలకు రాని మాట ఇది. ఒకసారి తిప్పినవాణ్ణి రెండోసారి నమ్మడం ఎలా? జనం గొణుగుడు పెరిగింది. నాకు నోరుంటే అరిచేవాణ్ణి: అంచు చూడండి, అంచు!

నరహరి చెయ్యి కదిలింది. బొమ్మను పక్కకు జరిపాడు. పోటీకి పంపేటప్పుడు కత్తిరించి పారేసిన అంచు తెర మీదికి వచ్చింది. బోరు గది. దాని గోడ. గోడ మీద నీలిరంగు అక్షరాలు.

కొమురెల్లికి చదువు రాదు. “ఏమున్నదక్కడ?” అన్నాడు.

“అక్షరాలు పెద్దయ్యా” అన్నాడు నరహరి. “బొమ్మను తిప్పితే అక్షరాలు గూడ తిరుగుతయ్. చదవరావు.”

“ఎవలు చదువుతరు?” అని ఒకరు ముందుకు రాబోయారు. కొమురెల్లి చెయ్యి అడ్డం పెట్టాడు. “నువ్వు జరుగు. పెంటయ్య అయిదు చదివిండు. పెంటయ్యనే చదవనీ.”

పెంటయ్య మంచం దగ్గరకు వచ్చాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

“కం-చ-న-కుంట” అన్నాడు. “గ్రామ… పంచాయతి. బోరు… నంబరు… రెండు.”

“సక్కగున్నయా?”

పెంటయ్య తల ఎత్తాడు. బోరు గది అక్కడే కనబడుతోంది, మంచానికి నూరు అడుగుల దూరంలో, అవే అక్షరాలతో. ఒకసారి అటు చూశాడు. ఒకసారి తెర చూశాడు. “సక్కగనే ఉన్నయ్” అన్నాడు. నిలబడి తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు.

తరువాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. అక్కడున్నవాళ్లలో ఎవరో ఇదంతా ఫోనులో పట్టారు. సాయంత్రానికి మండలమంతా తిరిగింది. రెండు రోజులకు పోటీవాళ్ల దాకా పోయింది. నిబంధనల ఉల్లంఘన జరిగిందని, పారదర్శకత తమకు ప్రాణమని ఒక ప్రకటన వేశారు. అందులో ఆగయ్య పేరు లేదు. నరహరి బహుమతి రద్దు చేశారు. రెండో స్థానంలో ఉన్నవాణ్ణి పైకి జరిపారు. అంటే ప్రణీత్. అంటే నా చంద్రుడు. ఇప్పుడు జాతీయ స్థాయిలో మొదటి బహుమతి వచ్చిన చంద్రుడు వాడు. వాడి మూలం నా అడుగున ఉంది. ఎవరూ అడగలేదు.

కానీ అది తరువాతి మాట. ఆ మధ్యాహ్నం లాప్‌టాప్ మూసేలోపు సాయవ్వ వచ్చి చెయ్యి చాపింది.

“గది నాకియ్యి సారు.”

“ఏది?”

“పాడైందన్నవ్ గద. గది.”

నరహరి నన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తిప్పి చూసింది. కోసిన మూల దగ్గర వేలు ఆగింది. ఏదో అర్థమైనట్టు ‘ఊఁ’ అంది. కొంగు అంచులో పెట్టి రెండు ముళ్లు వేసింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పసుపు వాసన, పొగ వాసన. ఇన్నేళ్లలో నేనున్న చోట్లలో ఇదే నయం. ఇక్కడ నన్నెవరూ తుడవరు. తుడవడం ఆమెకు రాదు.

కొంగులో ఉన్నాను కాబట్టి బంతి నేను చూడలేదు. విన్నాను. మోదుగాకుల విస్తర్లు నేల మీద పరిచిన చప్పుడు. మనుషులు వరుసగా కూర్చున్న చప్పుడు. వాళ్ల పద్ధతి ఒకటి ఉంది. తప్పుగా నింద వేసినవాడు నింద పడ్డవాడికి తన చేత్తో మొదటి ముద్ద వడ్డించాలి, తరువాత పక్కనే కూర్చుని తినాలి. క్షమించమని అడగడం ఉండదు. క్షమించానని చెప్పడమూ ఉండదు. పెంటయ్య అడుగులు వచ్చాయి. జొన్న గటక ముద్ద విస్తరిలో పడింది. మీద కూర పడింది. ఆగయ్య పక్కన ఎవరో బరువుగా కూర్చున్నారు.

ఇంకా ఎవరో నిలబడే ఉన్నట్టుంది, వరుస చివర. చెప్పులు ఒకసారి ఇటు, ఒకసారి అటు కదిలాయి. కొమురెల్లి గొంతు వినబడింది, ఒకే ఒక మాట. “కూసో.”

చెప్పులు విడిచిన చప్పుడైంది. సాయవ్వ నడుస్తుంటే ఆమె కొంగులో నేను ఊగాను. వరుస చివరిదాకా వెళ్లింది. వంగింది. ఆ విస్తరిలో కూడా గటక వేసింది, కూర వేసింది. ఏమీ అనలేదు. నరహరి ముద్ద కలుపుకున్నాడు.

తరువాత ఆమె కూడా వచ్చి ఆడవాళ్ల వరుసలో కూర్చుంది. నేను ఆమె ఒడిలో ఉన్నాను. అరవైమంది తింటున్నారు. నమిలే చప్పుడు, ఎముక పీల్చే చప్పుడు, నీళ్లు గుటకేసే చప్పుడు. ఒక్క మాట లేదు.